తుంగలో ఎర్రటి చేపపిల్లల గుంపు, కింద పెద్ద చేప: ఇది కొర్రమీనేనా?

పెందుర్తి కుర్రాడు:
చోడవరం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో శారదా నదిలో కలిసే గెడ్డ ఒకటి ఉంది. మొన్నటి వానలకి బాగా నిండింది. గట్టు వార తుంగలో, నీళ్ల మీద పళ్లెమంత మేర ఎర్రగా ఏదో కదులుతుంటే వంగి చూశాను. అన్నీ అగ్గిపుల్ల కన్నా చిన్న చేపపిల్లలే. వాటి కిందే నల్లటి పెద్ద చేప. నా నీడ పడగానే పిల్లలన్నీ ఒక్కసారి మునిగిపోయి, కాసేపటికి మళ్లీ అక్కడే తేలాయి. కొర్రమీను అంటున్నాడు మావయ్య. పెద్దదాన్ని గేలం వేసి పట్టేసి, పిల్లల్ని విశాఖ తెచ్చి ట్యాంకులో పెంచుదామనుకుంటున్నాం. మేత ఏం వెయ్యాలి?

ఆవ గట్టు:
మీ మావయ్యగారు చెప్పింది నిజమే. కానీ ఆ పెద్ద చేప జోలికి మాత్రం వెళ్లకండి బాబూ. మాది కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు పక్క ఊరు, మా ఇంట్లో తాతల నుంచీ తాటిదోనెల మీద వేటే. పిల్లలతో ఉన్న కొర్రమీనుని మా నాన్న ఎప్పుడూ పట్టనిచ్చేవాడు కాదు.

వానలు పడి కొత్త నీళ్లొస్తే ఆడా మగా జతగా లోతులేని అంచుకొస్తాయి. నాచూ గడ్డీ పక్కకి నెట్టి కాస్త జాగా గుండ్రంగా శుభ్రం చేసుకుంటాయి. గుడ్లు అడుక్కి దిగవు, లేత పసుపు రంగులో నీళ్ల మీదే తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలైపోతాయి. అక్కణ్ణించి కాపలా, ముఖ్యంగా మగదానిది. మీరు చూసిన నల్ల చేప అదే అయ్యుంటుంది.

గేలానికి కప్పని గుచ్చి పిల్లల గుంపు మీదుగా లాగితే అది ఠక్కున కొడుతుంది. ఆకలేసి కాదు, పిల్లల మీదకి ఏదో వచ్చిందని. అలా పట్టడం నాకు చాలా బాధగా ఉంటుంది. తండ్రి పోయాక ఆ పిల్లల్ని నీటిపాములూ, నీటికాకులూ, మిగతా చేపలూ బతకనివ్వవు.

ఎంవీపీ అక్వేరియం:
మేత సంగతి నేను చెప్తాను. ఈ వయసులో అవి తినేది నీళ్లలో కంటికి ఆనీ ఆనని పురుగుల్ని. కాస్త ఎదిగాక దోమపిల్లలు, ఆ తర్వాత చిన్న చేపలు, రొయ్యలు, తోకకప్పలు. పొడి మేత అలవాటు చెయ్యడం చాలా కష్టం. అన్నీ ఒకే సైజులో లేకపోతే పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి. పైగా ఎదిగిన కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చాల్సిందే. రైతుబజారులో టబ్బులో కాసిని నీళ్లున్నా బతికుండేది అందుకే. ట్యాంకు మీద మూత లేకపోతే బయటికి దూకేస్తుంది.

పెందుర్తి కుర్రాడు:
థాంక్సండీ ఇద్దరికీ. ట్యాంకు ఆలోచన మానేశాను. మావయ్యని కూడా ఒప్పించా. కానీ పెద్దదే పిల్లల్ని తినేస్తుందని ఆయన వాదన. ఇంకో మాట, గేలం వెయ్యడానికి ఎన్నాళ్లు ఆగాలంటారు?

ఆవ గట్టు:
సంతోషం బాబూ. తినేదే అయితే రాత్రీ పగలూ ఆ పిల్లల కిందే ఎందుకుంటుంది చెప్పండి? దాని వేట వేరే. తుంగలో కదలకుండా పొంచి ఉండి, కప్పో చిన్న పరిగ చేపో దగ్గరికొస్తే ఒక్క దూకుతో మింగుతుంది. నమలదు. అందుకే పొట్ట కోసినప్పుడు కప్పలు ముక్కలవకుండా, కాళ్లతో సహా దొరుకుతుంటాయి.

ఇంచుమించు నెల ఆగండి. తేదీ కన్నా రంగు చూసుకోవడం మేలు. ఎరుపు పోయి పిల్లల వీపు నల్లబడుతుంది, గుంపు విడిపోయి ఎవరి దారి వాళ్లది అవుతుంది. అప్పుడు గేలం వేసుకోమనండి. జానెడు లోపు చేప పడితే మాత్రం వదిలెయ్యమనండి, అది ఇంకా ఒక్కసారైనా గుడ్లు పెట్టి ఉండకపోవచ్చు.