బ్రేకు వాల్వు సిమ్యులేషన్‌లో పీఐడీ నిజంగానే ఓడిపోతోందా?

గాలిబ్రేకు:
ఎయిర్ బ్రేక్ ఛాంబర్‌కి రెండు ఆన్-ఆఫ్ సోలినాయిడ్ వాల్వులు: ఒకటి నింపడానికి, ఒకటి వదలడానికి. ఎవరి సిమ్యులేషన్ చూసినా స్లైడింగ్ మోడ్ (ఎర్రర్ ఏ వైపు ఉందో చూసి వాల్వుని పూర్తిగా అటో ఇటో తిప్పే కంట్రోల్) గెలుస్తుంది, పీఐడీ (ఎర్రర్‌కి, దాని మొత్తానికి, అది మారే వేగానికి తగ్గట్టు సరిదిద్దే మామూలు కంట్రోలర్) ఓడుతుంది. పీఐడీని సరిగ్గా ట్యూన్ చెయ్యకుండానే బరిలోకి దింపుతున్నారని నా వాదన.

స్లైడింగ్‌సర్ఫేస్:
ట్యూనింగ్ ఒక్కటే కాదండీ, ప్లాంటే (మనం నడిపే వాల్వు, ఛాంబర్ వ్యవస్థే) మారిపోతుంది. సప్లై 9 బార్ అనుకోండి (అన్నీ ఆబ్సల్యూట్). చోక్ అయిన (ధ్వని వేగానికి చేరి, కిందివైపు ప్రెజర్‌తో ఇక మారని) ఫ్లో పైవైపు ప్రెజర్‌ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఛాంబర్ 7 బార్ దగ్గర ఎగ్జాస్ట్ ఫ్లో 2 బార్ దగ్గరి దానికి సుమారు మూడున్నర రెట్లు. నింపేటప్పుడు దీనికి రివర్స్: 2 బార్ దగ్గర చోక్, 7 బార్‌కి వచ్చేసరికి ప్రెజర్ నిష్పత్తి 0.78, ఫ్లో తగ్గిపోతుంది. ఒకే గెయిన్‌తో (ఎర్రర్‌ని గుణించే సంఖ్యతో) రెండూ ఎలా నడుస్తాయి?

గాలిబ్రేకు:
గెయిన్ షెడ్యూలింగ్ ఉన్నది దేనికి? నింపడానికి ఒక టేబుల్, వదలడానికి ఇంకొకటి. యాంటీ-వైండప్ (వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు ఎర్రర్ మొత్తం పేరుకుపోకుండా ఆపేది) పెట్టకుండా ఓవర్‌షూట్ వచ్చిందంటే, ఆ తప్పు పీఐడీది కాదు, కట్టినవాళ్లది.

పల్స్‌విడ్త్:
ఇద్దరూ వాల్వుని మర్చిపోయారు. 50 హెర్ట్జ్ పీడబ్ల్యూఎం (ప్రతి పీరియడ్‌లో కొంత శాతం సేపే, అంటే డ్యూటీ మేరకే, వాల్వుని ఆన్ చెయ్యడం) అంటే పీరియడ్ 20 మిల్లీసెకన్లు. ప్లంజర్ (వాల్వు లోపల కదిలే కడ్డీ) కదలడానికే 4 పడితే, 20 శాతం డ్యూటీ లోపు వాల్వు అసలు తెరుచుకోదు. ఈ డెడ్‌జోన్ లేని మోడల్‌లో ఎవరు గెలిచినా లెక్కలోకి రాదు.
స్లైడింగ్ మోడ్‌కీ ఇదే దెబ్బ. సెకనుకి 20 బార్ వేగంతో నిండే ఛాంబర్‌లో 10 మిల్లీసెకన్ల జాప్యం ఉంటే, ఆపమన్నాక కూడా 0.2 బార్ ఎక్కుతుంది. బౌండరీ లేయర్ (లక్ష్యం చుట్టూ స్విచింగ్‌ని మెత్తబరిచే పట్టీ) అంతకన్నా వెడల్పుగా పెట్టక తప్పదు. ఆ లేయర్ లోపల మీ స్లైడింగ్ మోడ్ దాదాపు హై-గెయిన్ ప్రపోర్షనల్ కంట్రోలరే!

స్లైడింగ్‌సర్ఫేస్:
ప్రెజర్ లూప్ వరకు సరే. స్లిప్ లూప్ (చక్రం జారుడుని అదుపు చేసేది) మాటేమిటి? రోడ్డు ఘర్షణ 0.8 నుంచి 0.2కి ఒక్కసారిగా పడితే చక్రం పీక్ (గరిష్ఠ పట్టు దొరికే జారుడు) దాటి లాకయ్యే వైపు పోతుంది. అక్కడ ప్లాంట్ ఓపెన్-లూప్‌లో (కంట్రోలర్ లేకుండా) అస్థిరం. అసలు పరీక్ష అదీ.

పల్స్‌విడ్త్:
పెట్టండి, కానీ షరతులు అందరికీ ఒకటే. 5 మిల్లీసెకన్ల శాంప్లింగ్, అదే డెడ్‌జోన్, ట్యూనింగ్‌కి అదే కాస్ట్ ఫంక్షన్ (పనితీరుకి మార్కులేసే సూత్రం). తర్వాత రీట్యూన్ చెయ్యకుండా ఘర్షణ మార్చండి, సప్లైని 7కి దించండి. సిమ్యులేషన్‌కి ఫిక్స్‌డ్ స్టెప్ 0.1 మిల్లీసెకను వాడండి. వేరియబుల్ స్టెప్ సాల్వర్ చాటరింగ్ (వాల్వు అటూ ఇటూ వేగంగా కొట్టుకోవడం) దగ్గర నత్తనడక నడుస్తుంది. స్లిప్ సూత్రంలో హారంలో ఉన్నది వాహన వేగం, అందుకని ఆగబోయే ముందు లూప్‌ని కట్ చెయ్యండి. ఎర్రర్ పక్కనే వాల్వు స్విచింగుల సంఖ్య, ఖర్చయిన గాలి కూడా చూపాలి.

గాలిబ్రేకు:
10 మీటర్ల పైపు కూడా కలపండి. ధ్వని వేగంతో లెక్కేసినా 30 మిల్లీసెకన్ల జాప్యం.

స్లైడింగ్‌సర్ఫేస్:
అది కలిపితే మీదీ ఊగుతుంది, నాదీ ఊగుతుంది. ప్రిడిక్టర్ (జాప్యం తర్వాత ఏమవుతుందో ముందే అంచనా వేసేది) లేకుండా కుదరదు, దానికి వేరే థ్రెడ్ తెరవండి.