మొదటి పునరావృతానికే డ్రా అనేస్తే సరిపోతుందా?

బంటు64:
చెస్ ప్రోగ్రాం రాస్తున్నాను. నిన్న ఏనుగు ఎక్కువ ఉన్న ఆటను డ్రా చేసుకుని కూర్చుంది. రాజు అటూ ఇటూ తిరిగి మూడోసారి అదే స్థితికి వచ్చింది. స్కోరు మాత్రం చివరి ఎత్తు దాకా +5. హాష్ పట్టికలో (చూసేసిన స్థితుల స్కోర్లు దాచే చోటు) ఆ స్థితికి +5 అని ఉంది మరి, అక్కడికి రెండుసార్లు వచ్చి వెళ్లామన్న సంగతి దానికేం తెలుసు? ఎన్నోసారి వచ్చామో కూడా జోబ్రిస్ట్ కీలో, అంటే పట్టికలో స్థితిని గుర్తించే సంఖ్యలో కలపాలంటాను.

శకటు_వాలు:
వద్దంటాను. 1970లో జోబ్రిస్ట్ చెప్పిన పద్ధతికి ప్రాణమే అది: ఏ దారిన వచ్చినా ఒకే స్థితికి ఒకే సంఖ్య. పైగా ఆ లెక్క ఒక్కటే కలిపితే చాలదు. స్థితి కొత్తదే అయినా తర్వాతి ఎత్తు పాత చోటికి తీసుకెళ్లవచ్చు. అప్పుడు వచ్చిన దారంతా కీలో పెట్టాలి. అంత చేశాక పట్టిక దేనికి? ఒక్క సందేహం: పట్టిక చూడకముందే పునరావృతాన్ని పరీక్షిస్తున్నారా?

బంటు64:
లేదు, తర్వాత పరీక్షిస్తున్నాను. సిగ్గుగా ఉంది. వరుస మార్చగానే ఆ ఆట గెలిచింది. కానీ పునరావృతం వల్ల వచ్చిన సున్నా (డ్రా స్కోరు) దాని ముందు స్థితికి చేరి పట్టికలో పడుతోంది. వేరే దారిన వచ్చినవాడికి అది అబద్ధమే కదా! సున్నాలను దాచకపోతే?

మూడోగడి:
సున్నాలతో పోయేది కాదండీ. మంచి ఎత్తు పునరావృతమవుతుందని వదిలేసి, రెండో ఎత్తుకు వచ్చిన +0.3ను దాస్తారు. ఆ +0.3కు కూడా దారి మరక అంటుకునే ఉంది. దాన్ని ఎలా గుర్తుపడతారు? 1985లోనే కంప్యూటర్ చెస్ పరిశోధకుడు మర్రే క్యాంప్‌బెల్ ఈ చిక్కు మీద వ్యాసం రాశారు. కిషిమోటో, ముల్లర్ అనే పరిశోధకులు 2004లో పరిష్కారం చూపారు కానీ, గెలుపోటములను రుజువు చేసే వెతుకులాటకు (ముందు ముందు రాగల ఎత్తులను తరచి చూడటం) దాని విలువ ఎక్కువ. మామూలు ఆటకు ఆ బరువు దండగని నా అభిప్రాయం.

బంటు64:
మరి పేరున్న చెస్ ప్రోగ్రాం స్టాక్‌ఫిష్ ఆట చరిత్రను కీలో కలుపుతుందిగా?

శకటు_వాలు:
కలిపేది 50 ఎత్తుల నియమం (బంటు కదలక, పావు పోక అన్ని ఎత్తులు గడిస్తే డ్రా) లెక్కను, పునరావృతాన్ని కాదు. అదీ అలా 14 అర్ధ ఎత్తులు (ఒక్కో వైపు వేసే ఒక్కో ఎత్తు) గడిచాకే మొదలు, ఆపైన 8కి ఒకసారి మార్పు. పూర్తిగా కలిపితే గిట్టుబాటు కాదని వాళ్లే ఒప్పుకున్నట్టు. పునరావృతానికి వేరే లెక్క: వెతుకులాట లోపల వచ్చిన స్థితి ఒక్కసారి తిరిగొస్తే డ్రా, అంతకుముందు బోర్డు మీద వచ్చినదైతే మూడోసారికే.

మూడోగడి:
ఇంకొకటి. ప్రధాన వరుసలోని (ఇరువైపులా మేలైనవని తేలిన ఎత్తుల) స్థితుల్లో స్టాక్‌ఫిష్ పట్టిక స్కోరును నమ్మి వెతుకులాట ఆపేయదు. ఏ ఎత్తును ముందు చూడాలో తేల్చుకోవడం లాంటివాటికి పట్టికను వాడుకుంటుంది. మీ ప్రోగ్రాం ఆపేస్తోందా?

బంటు64:
ఆపేస్తోంది. ఈ రాత్రి అది తీసేసి, పాతదానితో వెయ్యి ఆటలు ఆడిస్తాను. కీ జోలికి ఇప్పటికి వెళ్లను, ఇప్పటికి మాత్రమే.