అప్‌డేట్: 'బాండికూట్' చెల్లింది, మేనకోడలి అలక మాత్రం తీరలేదు

మొన్న అడిగింది ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీలో అక్క వాళ్ళింట్లో స్క్రాబుల్ (ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలతో బోర్డు మీద మాటలు పేర్చే ఆట) ఆడుతూ, మేనకోడలు మొదటి ఎత్తులో పెట్టిన 'బ్యాండ్' (BAND)కి ఐదు బిళ్ళలు తగిలించి 'బాండికూట్' (BANDICOOT) చేశాను. "అది వీడియో గేమ్‌లో బొమ్మ పేరు మావయ్యా, పేర్లు చెల్లవు" అని పేచీ. ఎవరు రైటు?

డిక్షనరీ తీశాం. మాట చెల్లింది. అసలు సంగతేంటంటే, అది మన తెలుగే! పందికొక్కు. పూర్ణా మార్కెట్‌లో బస్తాల కింద దూరే ఆ మహానుభావుడే ఇంగ్లీషు వాళ్ళ నోట పడి బాండికూట్ అయ్యాడు. తర్వాత ఆ పేరే ఆస్ట్రేలియాలో ఇంకో జంతువుకి తగిలించారు. అది ఎలుక జాతే కాదు, కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచుతుంది. అక్కడ ఆ మాట క్రియ కూడా: మొక్క కదలకుండా కింది బంగాళాదుంపలు దొంగతనంగా తవ్వుకుపోవడం. పేరు పోయినా బుద్ధి పోలేదన్నమాట.

ఇక లెక్క. తొమ్మిది అక్షరాలకీ మామూలుగా 14 పాయింట్లే. కానీ 3 పాయింట్ల నా 'సి' అక్షరాన్ని రెట్టింపు చేసే గడిలో పడి 17 అయింది, చివరి 'టి' బోర్డు అంచున మాట మొత్తాన్నీ మూడు రెట్లు చేసే గడిలో. మొత్తం 51!

"తెలుగు మాటైతే ఇంగ్లీషు ఆటలో ఎలా చెల్లుతుంది?" అని ఇప్పుడు కొత్త పేచీ మొదలెట్టింది. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ కొనిపెట్టినా తగ్గలేదు.