సంస్మరణ సభలో మధ్య పటం ఎవరిది?

పాఠకమిత్ర (నిర్వహణ)
మన పాఠకుల బృందం ఏటా జరిపే సంస్మరణ సభ ఈసారి డిసెంబరు 28, ఆదివారం, తిరుపతిలో. 2025లో కన్నుమూసిన ఆరుగురి పటాలు పెడుతున్నాం: గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్, కోట శ్రీనివాసరావు, నటి, నిర్మాత కృష్ణవేణి, వనజీవి రామయ్య, అంతరిక్ష శాస్త్రవేత్త కస్తూరిరంగన్, కవి అందెశ్రీ. మధ్యలో పెద్ద పటం, దాని ముందు దీపం ఎవరికన్నదే తేలలేదు. గరిమెళ్లకు, కోటకు సమానంగా మద్దతు వచ్చింది. మీ మాట చెప్పండి.

స్వర్ణముఖి
తేలకపోవడానికి ఇందులో ఏముంది? సభ తిరుపతిలో. గరిమెళ్ల మార్చి 9న కన్నుమూసింది తిరుపతిలోనే. 1978లో దేవస్థానం వారి అన్నమాచార్య ప్రాజెక్టులో చేరి 2006 వరకు పనిచేశారు. ఆరు వందలకు పైగా కీర్తనలకు వరసలు కట్టారు. తెల్లవారితే ఈ ఊళ్లో ఏదో ఒక ఇంట్లో ఆయన గొంతు మోగుతూనే ఉంటుంది. దీపం ఇంకెవరికి పెడతారు?

చిత్తూరు మాస్టారు
అమ్మా, ఆ కీర్తనలు అన్నమయ్యవి. 1503లో పరమపదించిన మహానుభావుడి మాట, ఆయన భావం. పాడినవారికి నమస్కరిద్దాం, కాదనను. కోట శ్రీనివాసరావు సంగతి వేరు. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ నాటకాలు వేసి, అదే 1978లో సినిమాకు వచ్చి, ఏడు వందలకు పైగా సినిమాల్లో నటించారు. పిసినారి వేసినా, దుర్మార్గుడు వేసినా, తాత వేసినా ప్రతి వేషానికీ ఒక యాస, ఒక నడక. రంగస్థలం నేర్పిన విద్య అది. పొలంలో కలుపు తీసే మనిషికి కూడా ఆయన ముఖం తెలుసు. ప్రజల మనిషి అంటే ఆయనే.

పాకాల ప్రయాణికుడు
గరిమెళ్ల పుట్టింది రాజమహేంద్రవరంలో. కోట పుట్టింది కృష్ణా జిల్లా కంకిపాడులో. ఇద్దరూ మన జిల్లావారు కారు. స్వర్ణముఖి గారు ఊరి పేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను, స్థానికుడంటే ఎవరు?

సూళ్లూరుపేట
స్థానికం లెక్కే అయితే శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. కస్తూరిరంగన్ ఇస్రో అధ్యక్షుడిగా ఉన్న కాలంలోనే, 2001లో, తొలి జీఎస్ఎల్‌వీ ఇక్కడి నుంచి లేచింది. ఆ రోజు మా మిద్దె మీద నిలబడి చూశాను. ఆయన పటం చివర ఎందుకు పెట్టారు?

స్వర్ణముఖి
మాస్టారూ, "పాడినవారు" అని ఒక్క ముక్కలో తీసేశారు. అది సరికాదు. తాళ్లపాకవారి కీర్తనలు రాగిరేకుల మీద చెక్కి శ్రీవారి ఆలయంలో సంకీర్తన భాండారంలో దాచారు. ముప్పై రెండు వేలు రాశారని ప్రతీతి, మనకు దక్కినవి పద్నాలుగు వేల చిల్లర. ఆ రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. కొన్ని వందల ఏళ్లు అవి మూగగా పడి ఉన్నాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి పెద్దలు వాటికి గొంతు ఇచ్చారు. ఆ దారిలో నడిచినవారే గరిమెళ్ల. "వినరో భాగ్యము విష్ణుకథ" అని మీరు ఏ వరసలో పాడుకుంటారో, ఆ వరస ఆయన కట్టిందే. అది అన్నమయ్య నుంచి నేరుగా మీ చెవికి వచ్చిందని అనుకుంటున్నారు. ఆయన గొప్పతనం అంతా అక్కడే ఉంది మరి, వరస కట్టినవాడు కనబడకుండా పోయాడు!

చిత్తూరు మాస్టారు
రాగం పేరు రేకు మీద ఉందని మీరే అన్నారు. రాగం ఉన్నప్పుడు వరస ఉన్నట్లే కదా?

స్వర్ణముఖి
కాదు. మోహనలో ఎన్ని వందల పాటలు లేవు? అన్నిటికీ ఒకటే వరసా? ఊరి పేరు తెలిస్తే ఇంటికి దారి తెలిసినట్లేనా?

చిత్తూరు మాస్టారు
దారి ఉన్న ఊరికి దారి వేయడం వేరు, కొత్తగా ఊరు కట్టడం వేరు. నటుడు తన ఒళ్లే పెట్టి పని చేస్తాడు. ఈ తేడా మీరు ఒప్పుకోరు.

అలిపిరి మెట్లు
కృష్ణవేణి గారి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. 1949లో ఎన్.టి. రామారావును తెరకు పరిచయం చేసిన చిత్రానికి నిర్మాత. నూరేళ్లు నిండిన రెండు నెలలకే, ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. ఆరుగురిలో ఒకే ఒక్క స్త్రీ.

పాకాల ప్రయాణికుడు
నా ప్రశ్నకు జవాబు రాలేదు. పుట్టినచోటా? బతికినచోటా?

స్వర్ణముఖి
పుట్టినచోటే కొలత అయితే అన్నమయ్యే మీకు పనికిరాడు. ఆయనది రాజంపేట దగ్గర తాళ్లపాక. పూర్ణకుంభం కూడలిలో విగ్రహమై నిలిచిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారిది మదురై. ఆమె మనవారు కారని ఈ ఊళ్లో ఎవరైనా అంటారా?

పాకాల ప్రయాణికుడు
అంటే బతికినచోటు. ఆ మాట మొదటే చెప్పి ఉంటే సరిపోయేది. కానీ అప్పుడు సూళ్లూరుపేట వారి వాదం నిలవదు. కస్తూరిరంగన్ ఉన్నది బెంగళూరులో.

సూళ్లూరుపేట
రాకెట్టు లేచింది బెంగళూరులో కాదు.

చిత్తూరు మాస్టారు
నేను చూస్తున్నాను, ఈ బృందంలో మొదటి నుంచీ సంగీతం తెలిసినవారి మాటే చెల్లుతోంది. గత ఏడాది డిసెంబరులో జాకిర్ హుస్సేన్ పోతే మధ్య పటం ఆయనకే పెట్టారు. శ్యామ్ బెనెగల్ అదే నెలలో పోతే పక్కకు పెట్టారు. వేషం కట్టేవాడికీ, కట్టించేవాడికీ మీ లెక్కలో ఎప్పుడూ రెండో వరుసే. కచేరీకి పట్టుచీరలు కట్టుకుని వెళ్లేవారికి వీధిలో పగటివేషం కనబడదు.

స్వర్ణముఖి
ఈ మాట నన్ను అన్నారు కాబట్టి నేనూ అడుగుతాను. కోట గారు ఎనభై మూడో పుట్టినరోజు దాటిన మూడో రోజున, జూలై 13న వెళ్లిపోయారు. ఆ రోజు ఇక్కడ మీరు ఒక్క వాక్యం రాశారా? పాత చర్చలన్నీ తిరగేశాను. లేదు. ఆ వారమంతా మీరు మామిడి ధర గురించి రాశారు.

నా సంగతీ చెబుతాను. మార్చి 9 ఆదివారం. ఆ రాత్రి మన జట్టు క్రికెట్ ఫైనల్ గెలిచి వీధులన్నీ టపాసులు. ఫోనులో గరిమెళ్ల గారి వార్త చూసి బాల్కనీలోకి వచ్చాను. కింద పిల్లలు గంతులు వేస్తున్నారు, వాళ్ల తప్పేమీ లేదు. కానీ పాతికేళ్లుగా ఆయన కీర్తనలు పిల్లలకు నేర్పి బతుకుతున్నదాన్ని, ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. ఇక్కడ రాశాను. రెండు నమస్కారాలు వచ్చాయి, అంతే. "సభ పెడదాం" అంటే "డిసెంబరులో ఎలాగూ ఉంది కదా" అన్నారు. తొమ్మిది నెలలు ఆగాను. ఇప్పుడు మధ్య పటం దగ్గర కూడా నన్ను బతిమాలుకోమంటారా?

పాఠకమిత్ర (నిర్వహణ)
ఇద్దరూ దయచేసి శాంతించండి. మాస్టారూ, నవంబరులో మీరు పంపిన పేరు విషయంలో మాకు జవాబు ఇవ్వడం ఆలస్యమైంది, అది మా తప్పు. పత్రికల్లో, టీవీలో వార్త వచ్చినవారినే ప్రముఖులుగా తీసుకుంటున్నాం. ఆ నియమం మార్చలేదు. ఆ కోపం ఈ చర్చలోకి తేవద్దని మనవి.

అలిపిరి మెట్లు
ఏ పేరు?

చిత్తూరు మాస్టారు
అడిగారు కాబట్టి చెబుతాను. మా అన్న. మే నెలలో పోయాడు.

మా వైపు ఊళ్లలో ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ముప్పై ఒక్క ఏళ్లు మా అన్న అర్జునుడు. తపస్సు రోజున నిలువెత్తు మాను మీదికి మెట్టుకొక పద్యం పాడుతూ ఎక్కుతాడు. కింద బిడ్డలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో పడుకుని ఉంటారు. పైనుంచి ఆయన విసిరిన విభూతి, నిమ్మకాయలు కొంగుపట్టి అందుకుంటారు. ఆయన విసిరిన నిమ్మకాయ తిన్నామని, బిడ్డ పుట్టాడని పేరు పెట్టడానికి వచ్చినవారిని మా ఇంటి అరుగు మీద నేను చూశాను. మిగిలిన పదకొండు నెలలూ చెరకు కొట్టాడు, ఇటుకలు మోశాడు. ఆయన పోయిన రోజున పదిహేను ఊళ్ల నుంచి మనుషులు వచ్చారు. పత్రికలో రాలేదు. ఒక విలేకరికి నేనే ఫోను చేశాను, "ప్రకటన ఇస్తారా" అని అడిగాడు.

పదిహేను ఊళ్లకు తెలిసిన మనిషి ప్రముఖుడు కాడా? కోట గారి పటం మధ్యలో ఉంటే వేషం కట్టిన ప్రతివాడికీ ఆ దీపం కొంత తగులుతుందనుకున్నాను. జూలైలో రాయలేదన్నారు. నిజమే అమ్మా, అప్పటికి మా ఇంట్లో మూడో నెల కూడా కాలేదు.

పాఠకమిత్ర (నిర్వహణ)
మాస్టారూ, మనసు బరువెక్కింది. అయినా చెప్పక తప్పదు. ఒక ఇంటి పటం చేర్చితే ప్రతి ఇంటి నుంచీ ఒకటి వస్తుంది.

చిత్తూరు మాస్టారు
రానివ్వండి. వస్తే తప్పేమిటి?

పాకాల ప్రయాణికుడు
ఆ భారతం నేను చూశాను. ఏ ఊరిదో చెబితే ఏ అర్జునుడో గుర్తుపడతాను.

స్వర్ణముఖి
మాస్టారూ, నన్ను తప్పు పట్టినా సరే, నేను మాట మార్చను. అందరి పటాలూ పెట్టే సభ కావాలంటే అది వేరే సభ. ఇది ఊరంతా విన్న పని గురించి ఊరంతా మాట్లాడుకునే సభ. గరిమెళ్ల గారికే దీపం అంటాను. మూడో నెల సంగతి తెలియక అన్నాను, ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒకటి అడగాలని ఉంది. మాను ఎక్కుతూ పాడే ఆ పద్యాల వరసలు ఎక్కడివి? గురువు చెప్పినవా, మీ అన్నగారు కట్టుకున్నవా? ఎవరైనా రికార్డు చేశారా?

చిత్తూరు మాస్టారు
మొదటివి గురువు నేర్పినవి. పై మెట్ల దగ్గర ఊపిరి అందదు కాబట్టి ఆ నాలుగు పద్యాలకు వరస తానే మార్చుకున్నాడు, తగ్గించి. ఇప్పుడు అర్జునుడు వేసే కుర్రవాడు కూడా అలాగే పాడుతున్నాడు, ఎవరు మార్చారో వాడికి తెలియదు. రికార్డు అంటే నా ఫోనులో ఉన్నదే. మూడు నిమిషాలు. డప్పుల మోతలో గొంతు సగమే వినబడుతుంది.

స్వర్ణముఖి
28న ఆ ఫోను తీసుకురండి. సభకు ముందే రండి. స్వరం రాసి పెడతాను.

సూళ్లూరుపేట
మధ్య పటం తేలిందా, లేదా?

పాఠకమిత్ర (నిర్వహణ)
తేలలేదు. శుక్రవారం రాత్రి వరకు రాయవచ్చు.

చిత్తూరు మాస్టారు
నా మద్దతు కోట గారికే. స్వర్ణముఖి గారూ, చిత్తూరు నుంచి ఉదయం మొదటి బస్సుకు బయలుదేరుతాను. డప్పులు కొంచెం తగ్గించి వినే ఉపాయం ఏదైనా ఉంటే చూసి ఉంచండి.