ఒపెరా పండగలో మ్యూజికల్ ఎందుకు? (సెంట్రల్ సిటీ, కొలరాడో)

గ్రానైట్ గోడ:
2025 వేసవిలో డెన్వర్ వచ్చిన అమ్మానాన్నల్ని సెంట్రల్ సిటీ ఒపెరా పండగకి తీసుకెళ్లాను (ఒపెరా అంటే కథంతా పాటల్లోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటకం). గంటసేపు కొండదారి. 1859లో బంగారం దొరికాక లేచిన ఊరు, ఇప్పుడు ఎటు చూసినా కాసినోలే. వాటి మధ్య 1878 నాటి రాతి ఒపెరా హౌస్. సీట్లు 550 మాత్రమే. ఆ సీజన్లో రోసినీ ‘బార్బర్ ఆఫ్ సెవిల్’, ‘ద నాక్’ అనే కొత్త ఒపెరా, ‘వన్స్ అపాన్ ఎ మ్యాట్రెస్’ అనే మ్యూజికల్ (మాటల మధ్య పాటలొచ్చే నాటకం) ఆడారు. మేం మొదటిదీ చివరిదీ చూశాం.

నన్నడిగితే ఆ హాల్లో మ్యూజికల్ వేయడం దండగ. మ్యూజికల్ కావాలంటే డెన్వర్‌లో బ్యూయెల్ థియేటర్ ఉంది, న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాల టూర్లు వస్తూనే ఉంటాయి. మైకు లేకుండా మనిషి గొంతు హాలంతా నిండటం అక్కడ దొరకదు. ‘బార్బర్’లో మంగలి ఫిగారో వచ్చి పాట ఎత్తుకోగానే నాన్న నా చెవి దగ్గరకొచ్చి “మైకు ఎక్కడ దాచార్రా?” అన్నారు. లేదు నాన్నా అంటే నమ్మలేదు. ఇంటర్వెల్లో స్టేజి అంచుదాకా వెళ్లి తొంగి చూసొచ్చారు.

డెన్వర్ కోడలు:
మీరు కాపాడుతున్న సంప్రదాయం ఏదండీ? పాడుబడిన ఆ హాలుని బాగుచేసి 1932లో మళ్లీ తెరిచినప్పుడు ఆడింది ఒపెరా కాదు. ‘కెమిల్’ అనే మాటల నాటకం, లిలియన్ గిష్ హీరోయిన్. (ఆ కథనే వెర్డీ అంతకు చాలా ముందే ‘లా ట్రావియాటా’ అనే ఒపెరాగా మలిచాడు, అది వేరే సంగతి.) మరుసటేడు ‘మెర్రీ విడో’, అది ఆపరెట్టా, అంటే మధ్యలో మాటలుండే తేలికపాటి ఒపెరా. పుట్టుకే కలగాపులగం, ఇప్పుడు మడి కట్టుకోమంటే ఎలా?

పైగా ఇటాలియన్ పాట నడుస్తుంటే తలెత్తి ఇంగ్లీషు అనువాదం చదవాలి, తల దించేసరికి స్టేజి మీద ఎవరో ఎవరినో కౌగిలించుకుని ఉంటారు. మా అత్తగారు మొదటి అంకంలోనే కునుకు తీశారు.

హార్మోనియం:
భాష రాకపోతే ఆనందించలేమనడం ఒప్పుకోను. మా ఊళ్లో రాయబారం పద్యాలకి తెల్లవార్లూ కూర్చున్నవాళ్లలో సగం మందికి ఆ సమాసాల అర్థం తెలియదు. కృష్ణుడు రాగం లాగుతుంటే వన్స్ మోర్ కొట్టేవాళ్లు. ఒపెరాలో అరియా (ఒక్కరే పాడే పాట) కూడా అంతే, కథ ఆగిపోయి గొంతు ముందుకొస్తుంది. మ్యూజికల్లో పాట కథని మోయాలి, మాట అర్థం కాకపోతే పనికాదు. రెండూ వేరు పనులు. అయితే ఒకే ఊళ్లో ఉండకూడదా అంటే... ఉండొచ్చనే అంటాను. అక్కడ కోరస్‌లో పాడేవాళ్లలో చాలామంది శిక్షణలో ఉన్న కుర్ర గాయకులు. రేపు వాళ్లకి మాటా రావాలి, పాటా రావాలి.

లెక్కల మాస్టారు:
అన్నా, 550 సీట్లు. ఆర్కెస్ట్రా, కోరస్, సెట్లు, అందరికీ బస. హాలు నిండినా టికెట్ల డబ్బుతో గట్టెక్కదు, దాతలే దిక్కు. మ్యూజికల్ కోసం వచ్చినవాళ్లలో పదిమంది ఒపెరాకి మళ్లినా లాభమే.

గ్రానైట్ గోడ:
మళ్లుతారా అన్నదే నా అనుమానం. భాషే అడ్డయితే ఇంగ్లీషు ఒపెరాలు లేవా? ‘బ్యాలడ్ ఆఫ్ బేబీ డో’ 1956లో మొదటిసారి ఆడింది ఈ హాల్లోనే. వెండి గనుల ధనవంతుడు టేబర్, ఉన్నదంతా పోయాక కూడా లెడ్‌విల్ ఊళ్లో గని పక్క గుడిసెలో బతికి 1935లో చనిపోయిన అతని భార్య బేబీ డో. ఈ కొండల కథ, ఇక్కడి మనుషులు. అలాంటివి ఇంకో రెండు వేయొచ్చుగా.

కొత్త సభ్యుడు:
గొడవ మధ్యలో క్షమించాలి. పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా?

హార్మోనియం:
8,500 అడుగుల ఎత్తు బాబూ. డెన్వర్‌లో రెండు మూడు రోజులు ఉంచి తీసుకెళ్లండి, నీళ్లు బాగా తాగించండి. వీధులు ఏటవాలు. జులైలో మధ్యాహ్నం ఉరుముల వాన పడుతుంది, గొడుగు ఉండాలి.

డెన్వర్ కోడలు:
గ్రానైట్ గారూ, నాన్నగారి సంగతి చెప్పారు. మ్యూజికల్ చూసి అమ్మగారు ఏమన్నారో చెప్పలేదేం?

గ్రానైట్ గోడ:
అడుగుతారని భయపడుతూనే ఉన్నాను. అందులో రాణిగారు కొడుక్కి వచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో పరీక్ష పెట్టి తిప్పి పంపేస్తుంటుంది. చివరికి వచ్చిన పిల్లకి ఇరవై పరుపుల కింద బఠాణీ గింజ పెడుతుంది. అమ్మ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, “అచ్చం మా అత్తగారే” అంది. నాన్న విన్నారు. డెన్వర్ చేరేదాకా కార్లో ఎవరూ మాట్లాడలేదు.