అవుకు రిజర్వాయరు: బోట్ల కోసం నీళ్లు ఆపాలా?

అవుకుగట్టు: అన్నా, సూటిగా అడుగుతాను. ఎర్రమల కొండల మధ్య ఇంత చక్కని రిజర్వాయరు ఉంది, టూరిజం వాళ్ల బోట్లు ఉన్నాయి, ఆదివారం వస్తే పిల్లాజెల్లాతో జనం దిగుతారు. నీళ్లు దిగిపోతే మాత్రం గట్టు మీద ఈగలు తోలుకోవడమే. ఒక మట్టం వరకైనా ఆపి పెడితే ఏం పోతుంది?

శనగచేను (జమ్మలమడుగు): మా పంట పోతుంది. శ్రీశైలంలో బయలుదేరి పోతిరెడ్డిపాడు తూములు, గోరకల్లు రిజర్వాయరు దాటి మీ దగ్గరికొచ్చే నీళ్లు గండికోట రిజర్వాయరుకు చేరాలి. మీదాంట్లో పట్టేది 4.15 టీఎంసీ, గండికోటలో 26.85. చెంబు మూతి మూస్తే కాగు ఎట్లా నిండుతుంది?

అవుకుగట్టు: బోటు నీళ్లు తాగుతుందా సామీ?

శనగచేను: తాగదు. మట్టం ఆపమన్నావు చూడు, అది తాగుతుంది.

అవుకుగట్టు: అడిగినదానికి చెప్పు. తాగుతుందా, లేదా?

చీనీతోట: తాగేది బోటెక్కే కుర్రోళ్లులే.

అవుకుగట్టు: ఒకసారి నింపుకుంటే ఆ తర్వాత వచ్చేవన్నీ కిందికే కదా పోయేది?

శనగచేను: వరద ఉన్నప్పుడు సరే. శ్రీశైలంలో 854 అడుగుల కిందికి దిగితే పోతిరెడ్డిపాడుకు నీళ్లు రావడమే గగనం. అప్పుడు మీ దగ్గర ఆగినవే మాకు దిక్కు. మొన్న శనగ కాయ పట్టే వేళకు ఒక్క తడి దొరకలేదు. కాలువ కంటికి కనపడుతుంది, ఇంజను పెట్టి పైపులేస్తే తెల్లారేసరికి పీకేశారు.

అవుకుగట్టు: నీ చేనుకు పిల్లకాలువ తవ్వలేదని పోయిన నెల నువ్వే రాశావు. అది బోటు తప్పా?

శనగచేను: నీళ్లు కళ్ల ముందుంటే మీకన్నీ వేళాకోళమే.

అవుకుగట్టు: కళ్ల ముందే ఉన్నాయి, నిజమే. మా తాత నాలుగెకరాలు వాటి కిందే ఉన్నాయి. పరిహారం మూడు విడతల్లో వచ్చింది, వచ్చినప్పుడల్లా అప్పులోళ్లే పట్టుకుపోయారు. భూమి పోయింది మాది, నీళ్లు పారేది మీకు. ఆదివారం పూట బజ్జీల బండి పెట్టుకుంటే దానికీ అడ్డమేనా? నాకు బోటు మీద మోజేం లేదు, ఎక్కితే తల తిరుగుతుంది.

చీనీతోట: ఈ మాట మొదటే చెప్పుంటే ఇంత రచ్చ లేదు కదన్నా.

శనగచేను: నీ బాధ అర్థమైంది. అయినా నీళ్లు ఆపడానికి ఒప్పుకోను. గట్టు మీద అంగళ్లు ముంపోళ్లకే ఇవ్వాలని, టికెట్ల డబ్బులో వాటా కావాలని అర్జీ రాయి, నేనూ సంతకం పెడతా.

అవుకుగట్టు: నీళ్లు మీరు తీసుకుపోయాక టికెట్టు కొనేదెవరు?