వాగు ఒడ్డున ఉన్నవి స్థానిక సైకమోర్లా, లండన్ ప్లేన్లా?

ప్రశ్న:
మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాము. సునోల్ దగ్గర అలమీడా వాగు వెంట తెల్లని బెరడు, గోధుమరంగు మచ్చలతో పక్కకు ఒరిగి పెరిగిన పెద్ద చెట్లు కనిపిస్తాయి. మా వీధి చెట్లు కూడా దాదాపు అలాగే ఉన్నాయి గానీ, అవి లండన్ ప్లేన్లని, వాగువి మాత్రమే స్థానిక సైకమోర్లని విన్నాను. రెంటినీ వేరుగా గుర్తించడం ఎలా? వాగు చెట్ల లేత ఆకులు వసంతంలోనే మాడి రాలిపోవడం చూశాను. అవి చచ్చిపోతున్నాయా?

జవాబు 1:
బెరడును బట్టి నిర్ణయించకండి. ఈ జాతులన్నిటికీ అది పెచ్చులుగా ఊడుతుంది. ముందుగా కాయలు చూడండి. ప్లాటనస్ రేసిమోసా అనే స్థానిక చెట్టుకు వేలాడే ఒక్కో కాడకు సాధారణంగా మూడు నుంచి ఏడు వరకు గుండ్రని కాయలుంటాయి. లండన్ ప్లేన్‌కు ఎక్కువగా రెండే ఉంటాయి. స్థానిక చెట్టు ఆకు వేళ్లు బాగా చాచిన అరచేతిలా సగానికి పైగా చీలి ఉంటుంది, అంచున పళ్లు తక్కువ. లండన్ ప్లేన్ ఆకు చీలికలు అంత లోతుగా ఉండవు. ఒకే చెట్టు మీద కూడా ఆకులు రకరకాలుగా ఉంటాయి కనుక, ఒక్క ఆకు ఫోటో చూసి పేరు చెప్పేవారి మాట నేనైతే నమ్మను.

జవాబు 2:
ఆకుల సంగతి చూస్తే అది ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్ర తెగులని అనిపిస్తోంది. చిగురు వేసే రోజుల్లో చలి, వాన కలిసివస్తే ఇది ఉద్ధృతమై లేత ఆకులను, కొమ్మల కొనలను మాడుస్తుంది. ఎండలు ముదిరాక చెట్టు మళ్లీ చిగురిస్తుంది. పెద్ద చెట్టు దీనితో చావడం అరుదు. కొనలు మాడినప్పుడల్లా పక్క మొగ్గలు సాగడం వల్ల కూడా కొమ్మలు వంకర్లు తిరుగుతాయి.

జవాబు 3:
మొదటి జవాబుకు ఒక చేర్పు. లండన్ ప్లేన్ స్వయంగా సంకర జాతి: దాని జనకాలలో ఒకటి అమెరికా తూర్పు ప్రాంతపు సైకమోర్, రెండవది మన కాశ్మీరులో చినార్ అని పిలిచే చెట్టు. ఈ జాతుల పుప్పొడిని గాలి మోసుకుపోతుంది కాబట్టి, ఊళ్లలో నాటిన లండన్ ప్లేన్లకూ వాగు చెట్లకూ మధ్య కూడా సంకరం జరుగుతోంది. రెండు జాతుల లక్షణాలూ కలిసిన మొక్క కనబడితే, దాన్ని ఏదో ఒక గాటన కట్టేయడం కన్నా సంకరం కావచ్చునని రాసుకోవడమే సరైనది. అలాగే, పెద్ద చెట్లతో ఆగకుండా వాటి కింద మొలకలున్నాయేమో గమనించండి. ఈ నూగు గింజలు మొలవడానికి వరద తెచ్చి పరచిన తడి ఇసుక, ఒండ్రు, పైన నీడలేని చోటు కావాలి; ఎగువన ఆనకట్ట కట్టి వరదను ఆపితే ముసలి చెట్లు బతికే ఉన్నా కొత్తవి అరుదవుతాయి. లివర్‌మోర్‌లోని సైకమోర్ గ్రోవ్ పార్కుకు ఎగువన 1968లో డెల్ వాల్ ఆనకట్ట పూర్తయింది. ఈ కోణంలో చూడదగిన చోటు అది. వయసు మీరిన చెట్ల తొర్రల్లో గుడ్లగూబలు గూళ్లు పెడతాయి. పులిచారల సీతాకోకచిలుక గొంగళ్లు వీటి ఆకులను కూడా తింటాయి.